కాచేది కాచు

తాంబూలం అలవాటు వున్నవారికి కాచును గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఆకు, వక్క, సున్నం అన్నీ అమరినా కాచు లేకపోతే నోరు పండదు. పాన్‌డబ్బాల వాళ్ళు దీన్ని కత్థా అంటారు. పాత తరంవారు కవిరి అని కూడా అనేవారు. సండ్రమాను చేవను పేళ్ళుగా కొట్టి, నీళ్ళలో వేసి గంటల తరబడి కాచి, ఆ కషాయాన్ని చిక్కబరచి ఆరబెడితే కాచు అవుతుంది. మా మెట్‌పల్లినుంచి ఉత్తరంగా వెళ్ళి గోదావరి దాటితే పాత ఆదిలాబాదు జిల్లా అడవులు. ఆ అడవులకు సండ్ర కొత్త చెట్టేమీ కాదు. సంస్కృతంలో దీనిపేరు ఖదిరం. నవగ్రహ హోమంలో అంగారకుడి పాలు పడిన సమిధ ఇదే.

కాచు అనే మాటకు మన భాషలో ఇంకో రెండు అర్థాలున్నాయి. పాలు కాచడం ఒకటి, చేను కాచడం ఒకటి. కాచితే వచ్చేది గనుక కాచు అయిందేమోనని క్లాసులో పిల్లలు అడుగుతూ వుంటారు. ఆ వ్యుత్పత్తికి నేను పూచీ పడను గాని, కాపలా కాయడమనే అర్థానికీ ఈ కాచుకూ మాత్రం ఒక విచిత్రమైన సంబంధం కుదిరింది. కుదిర్చినవారు వైయాకరణులు కారు, రసాయన శాస్త్రవేత్తలు.

ఈ సంగతి నాకు తెలిసింది 2020 మే నెలలో. కరోనా వల్ల కళాశాలలు మూసివుండి, ఇళ్ళలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజులు. మా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే మిత్రుడు ఫోను చేసి, "సార్, పేపర్ చూశారా? విశాఖపట్నంలో అంత ఘోరం జరగడానికి ఒక మందు తక్కువ పడడం ఒక కారణమట. టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్. పేరు చూసి భయపడకండి. అందులో కాటెకాల్ మీ అమ్మగారి పాన్‌దాన్‌లో కాచుకు చుట్టమే" అన్నాడు.

వేళాకోళమనుకున్నాను. కాదట. మన దక్షిణాది భాషల్లోని కాచు అనే మాట వర్తకుల వెంట మలయా దాకా వెళ్ళి, అక్కడినుంచి ఐరోపాలో కాటెచు అయింది. ఆ కాటెచులోని ముఖ్య పదార్థానికి కాటెచిన్ అని పేరు పెట్టారు. 1839లో రైన్ష్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని పొడిగా కాల్చి ఆవిరి పడితే తెల్లని స్ఫటికాలు దొరికాయి. అదే కాటెకాల్. ఇప్పుడు కర్మాగారాల్లో దాన్ని సండ్రమానునుంచి తీయడం లేదు. పుట్టిల్లు మారినా ఇంటిపేరు మారలేదన్నమాట.

అదే 1839లో బెర్లిన్ నగరంలో ఎడువర్డ్ సైమన్ అనే మందుల దుకాణదారు మరొక పని చేశాడు. స్టోరాక్స్ అనే జిగురును బట్టీ పట్టి, తేటగా, తీయటి వాసనతో వుండే నూనె తీశాడు. ఈ స్టోరాక్స్ మనకు తెలియనిదేమీ కాదు. ఆయుర్వేద మూలికల కొట్లలో, సుగంధ ద్రవ్యాల కొట్లలో శిలారసం అంటారే, అదే. అమరకోశం దీనికి తురుష్కం, సిల్హం, యావనం అని పేర్లు చెబుతుంది. ఆ చెట్టు టర్కీ దేశపుది. సరుకు దూరదేశంనుంచి వస్తున్నదని అమరసింహుడి కాలానికే తెలుసుననడానికి ఆ పేర్లే సాక్ష్యం. సైమన్ తీసిన నూనెను ఇప్పుడు స్టైరీన్ అంటారు.

సైమన్ ఆ నూనెను సీసాలో పోసి వుంచాడు. కొన్ని నెలలకు చూస్తే నూనె లేదు. జున్నులాంటి ముద్ద వుంది. గాలి తగిలి అలా అయిందనుకొని దానికి ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1845లో బ్లైత్, హాఫ్‌మన్ అనే ఇద్దరు ఆ నూనెను గాలి తగలకుండా వేడిచేసి చూశారు. అప్పుడూ ముద్దకట్టింది. నూనెలో వున్నదే ముద్దలోనూ వున్నది. కొత్తగా చేరినదీ లేదు, పోయినదీ లేదు. మరి ఏం జరిగినట్టు? జవాబు దొరకడానికి ఇంకో డెబ్బై అయిదేళ్ళకు పైగా పట్టింది. వేలకొద్దీ చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని పొడుగాటి గొలుసులవుతాయని 1920 తర్వాత హెర్మన్ స్టౌడింగర్ వాదించాడు. మొదట పెద్దలు ఆయన్ని ఎగతాళి చేశారు. 1953లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

స్టైరీన్ గొలుసులకే పాలీస్టైరీన్ అని పేరు. ఎక్కడో వుండే వస్తువు కాదు. పెళ్ళి మండపంలో వధూవరుల పేర్లు కోసి అతికించే తెల్లని థర్మోకోల్ అదే. టీవీ కొంటే పెట్టెలో దానికి అటూ ఇటూ కాపుగా వచ్చేదీ అదే. పెళ్ళిళ్ళ కాలంలో మా మెట్‌పల్లి బజారులో థర్మోకోల్ పొట్టు గాలికి ఎగురుతూ దూదిలా కనిపిస్తుంది. ఇక్కడి ఖాదీకి పేరున్న మాట నిజమేగాని, బజారులో ఎగిరేది పత్తి అనుకొని మోసపోకండి.

సరే, ఆ గొలుసు పని మనం అడిగినప్పుడు జరిగితే థర్మోకోల్. మనం అడగకుండా, నిలవ వుంచిన ట్యాంకులో దానంతటదే జరిగితే ఆపద. ఒక్కొక్క చెయ్యి కలిసినప్పుడల్లా కాస్త వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా కొన్ని అణువులు చేతులు చాస్తాయి. అవి కలిస్తే ఇంకా వేడి. వానకు తడిసిన గడ్డిని వామి వేస్తే లోపల ఎంత వేడెక్కుతుందో రైతులకు తెలుసు. పైన చేయి పెడితే చల్లగానే వుంటుంది. లోపల పొగ వస్తూ వుంటుంది. చిన్న కుప్పలో పుట్టిన వేడి బయటికి పోతుంది. పెద్ద వామిలో పోవడానికి దారి వుండదు. స్టైరీన్ ట్యాంకు సంగతీ అంతే.

అందుకని స్టైరీన్‌ను నిలవ పెట్టేవారు అందులో కాటెకాల్ సంతతికి చెందిన ఒక మందు కలుపుతారు. మిత్రుడు చెప్పిన టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అదే. పొట్టిగా టీబీసీ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఇటువంటివాటిని పాలిమరీకరణ నిరోధకాలు అంటున్నారు. నోరు తిరగడానికి తాంబూలం కాదు, శొంఠి కావాలి. నాకైతే కావలిమందు అనాలనిపిస్తుంది.

కావలిమందు పని చేసే తీరు మనకు కొత్త కాదు. నీరా కావాలన్నవారు తాటిచెట్టుకు కట్టే లొట్టి లోపల ముందే సున్నం పూస్తారు. సున్నం వున్నంతవరకు నీరా తీయగా వుంటుంది. లేకపోతే పొద్దెక్కేసరికి కల్లు. పులిసిన తరువాత సున్నం తెచ్చి కలిపితే మళ్ళీ నీరా కాదు. టీబీసీ కూడా అంతే. గొలుసు కట్టడానికి చెయ్యి చాచిన అణువుకు తనలోని ఒక హైడ్రోజన్‌ను ఇచ్చి ఆ చెయ్యి ముడిపిస్తుంది. ఇచ్చిన తరువాత తాను ఖర్చయిపోతుంది. వేడి పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. కాబట్టి ఒకసారి కలిపి ఇంటికి పోయి పడుకుంటే కుదరదు. ఎంత మిగిలిందో అప్పుడప్పుడు చూస్తూ, తగ్గినంత మళ్ళీ కలుపుతూ వుండాలి.

ఇంకొక చమత్కారం. ఈ కావలివాడు ఒంటరిగా పనిచేయడు. పక్కన కాస్త ఆక్సిజన్ వుండాలి. స్టైరీన్‌లో కరిగిన గాలి పూర్తిగా అయిపోతే, టీబీసీ వుండి కూడా దాదాపు లేనట్టే. ఏ వస్తువైనా గాలి తగలకుండా మూసిపెడితే భద్రమని మనం అనుకుంటాం. ఆవకాయకు అది నిజం కావచ్చు. దీనికి కాదు.

ఎంత కలపాలి? మామూలుగా పది లక్షల పాళ్ళకు పది, పదిహేను పాళ్ళు. అంటే టన్నుకు పదిహేను గ్రాములు. ఈ లెక్కను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఈ వంశంలో తక్కినవారిని గురించి కూడా ఒక మాట. హైడ్రోక్వినోన్ అని కాటెకాల్‌కు తోబుట్టువు వుంది. అదీ కావలిమందే. పూర్వం ఫొటో స్టూడియోల చీకటిగదుల్లో నల్ల తెల్ల బొమ్మలు తేల్చే మందునీళ్ళలో వుండేది. ముఖం తెల్లబడడానికని అమ్మే కొన్ని లేపనాల్లోనూ వుంటుంది. వైద్యుణ్ణి అడగకుండా పూసుకోవద్దని ఆడపిల్లల తల్లులకు మనవి. టీబీసీతో రోజూ చేతులు తడుపుకునే పనివారికి చర్మంమీద తెల్లమచ్చలు రావడం వైద్యులు చూసినదే. ఇక టీబీహెచ్‌క్యూ అని ఇంకొకటి, దాదాపు ఇదే పేరు, ఇవే ముక్కలు, అమరిక వేరు. నూనె, చిప్సు ప్యాకెట్లమీద 319 అనే అంకె కనిపిస్తే అది ఇదే. నూనె కనరు వాసన వేయకుండా కాస్తుంది. తినే వస్తువుల్లో ఎంత మించకూడదో ప్రభుత్వం హద్దు పెట్టింది.

ఇప్పుడు విశాఖపట్నం.

గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అనే ఫ్యాక్టరీ పెట్టారు. పాలీస్టైరీన్ చేయడం దాని పని. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ కంపెనీ దాన్ని తీసుకొని ఎల్‌జీ పాలిమర్స్ అని పేరు మార్చింది. కాలక్రమాన చుట్టూ ఇళ్ళు వచ్చాయి. గోడ అవతల పిల్లలు ఆడుకునేంత దగ్గరగా వచ్చాయి.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. ఫ్యాక్టరీ ఆగింది. ట్యాంకుల్లో స్టైరీన్ మాత్రం ఆగలేదు. దానికి ప్రభుత్వ ఉత్తర్వులు వర్తించవు. ఎమ్6 అనే ట్యాంకులో రెండు వేల టన్నులకు దరిదాపుగా స్టైరీన్ వుండిపోయింది. తరువాత ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ గారి అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ, జూలై 6న ఇచ్చిన నివేదికలో ఒక్కొక్క లోపాన్నీ ఎత్తి చూపింది. చదువుతూవుంటే కథలో దొంగ ఒక్కడే కాదనిపిస్తుంది. 2019 డిసెంబరులో ఆ ట్యాంకు గొట్టాల అమరిక మార్చారు. దానితో లోపలి ద్రవం కిందా మీదా సరిగా కలియడం మానేసింది. వేడిని చూపే పరికరం ట్యాంకు అడుగున వుంది. అడుగున చల్లగానే వుంది, వేడెక్కింది పైన. గడ్డివామిని నేలదగ్గర తడిమి చూసినట్టయింది. చల్లబరిచే యంత్రం పగటిపూట నడిపి సాయంత్రం ఆపేవారు. ఏప్రిల్‌లో చేసిన పరీక్షల్లో గొలుసులు కట్టిన పాలు పెరుగుతున్నట్టు తెలిసినా దాన్ని హెచ్చరికగా తీసుకోలేదు. ఇక టీబీసీ చాలినంత లేదు. తెచ్చి కలుపుదామంటే ఫ్యాక్టరీలో నిలవ లేదు.

ఇందాకటి లెక్క ఇక్కడ వేసి చూడండి. టన్నుకు పదిహేను గ్రాములు. రెండు వేల టన్నులే అనుకుంటే ముప్ఫై కిలోలు. మనం నెలకొకసారి కిరాణా కొట్టునుంచి స్కూటర్‌మీద వేసుకొచ్చే బియ్యం సంచికి కాస్త ఎక్కువ. అది ఒక్కటి వుంటే ప్రమాదం తప్పేదని నేను అనను. పైభాగంలో కలియని ట్యాంకులో మందు పోసినా అది చేరవలసిన చోటికి చేరేదా అన్నది వేరే ప్రశ్న. కాని కొట్లు విలువచేసే సరుకును కాచేవాడి కూలి ఇంత స్వల్పమని తెలిసినప్పుడు మనసు ఒకలా అవుతుంది.

మే 7 తెల్లవారుజామున మూడు గంటలవేళ ట్యాంకు పైనుంచి ఆవిరి బయటపడింది. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు; నేలనంటుకొని, పల్లం వెతుక్కుంటూ, తలుపు సందుల్లోంచి దూరుతుంది. జనం నిద్రలో వున్నారు. లేచినవాళ్ళు చీకట్లో పరుగెత్తారు. కొందరు పరుగెత్తుతూనే దారిలో కూలిపోయారు. కళ్ళు కనిపించక నూతిలో పడినవారున్నారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు వున్నది. ఒక్కచోట కూడా ఎవరూ మోగించలేదని కమిటీ రాసింది. పన్నెండుమంది చనిపోయారు. వారిలో పసివాళ్ళున్నారు, వైద్యవిద్య మొదలుపెట్టిన కుర్రవాడున్నాడు. వందలమంది కింగ్ జార్జి ఆసుపత్రి పాలయ్యారు. కట్టుగొయ్యల దగ్గర పశువులు కట్టినచోటనే చచ్చిపోయాయి. వాటి తాళ్ళు విప్పే వ్యవధి ఎవరికీ లేకపోయింది.

ఆ రోజు గుజరాత్‌లోని వాపినుంచి అయిదు వందల కిలోల టీబీసీని విమానంమీద తెప్పించారు. ట్యాంకులో మందు పోశారు, చల్లబరిచారు, కొన్ని రోజులకు అదుపులోకి వచ్చింది. తక్కిన ట్యాంకుల్లోనూ, రేవులోనూ నిలవవున్న సుమారు 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడల్లోకి ఎక్కించి తిరిగి కొరియాకు పంపేశారు. చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే కంపెనీని యాభై కోట్లు కట్టమన్నది. కమిటీ నివేదిక వచ్చిన మరునాడు, జూలై 7న, కంపెనీ ముఖ్యాధికారితో సహా పన్నెండుమందిని పోలీసులు అరెస్టు చేశారు.

ఇదంతా ఎక్కడో సముద్రపుటొడ్డున జరిగినది గదా అని మెట్‌పల్లిలో మేము పేపరు మడిచిపెట్టలేకపోయాం. కారణం, మా వీధి చివర ఫైబర్ పని చేసే కుర్రవాడు.

మస్కట్‌లో ఏడేళ్ళు పడవల పని నేర్చుకొని, ఇక అక్కడికి పోనని వచ్చి, రేకుల షెడ్డు వేసి ఫైబర్ తలుపులు, దేవుడి బొమ్మలు, నీళ్ళ తొట్లు చేస్తాడు. ఫైబర్ పనికి కావలసిన రెజిన్‌లో మూడోవంతుకు పైగా స్టైరీనే. అది డ్రమ్ములో గడ్డకట్టకుండా అందులోనూ కావలిమందు కలిపే పంపుతారు. ఫిబ్రవరిలో రెండు డ్రమ్ములు అప్పుమీద తెచ్చాడు. మార్చిలో లాక్‌డౌన్ పడింది. మే వచ్చేసరికి మా దగ్గర ఎండ నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు. రేకుల కింద ఇంకెంతో చెప్పనక్కరలేదు. మే రెండోవారంలో మా ఇంటి గేటు దగ్గర నిలబడి పిలిచాడు.

"సారూ, డ్రమ్ము మూత తీస్తె జెల్లీ లెక్క అయింది. కట్టె పెట్టి కలిపితె కదుల్తలేదు. గాలి సుత పోకుండ మంచిగ మూసిపెట్టిన సారూ!"

మిత్రుణ్ణి ఫోనులో పెట్టి ఇద్దరికీ మాట కలిపాను. డ్రమ్ముమీద ఇంగ్లీషు చీటీలో చిన్న అక్షరాల్లో, పాతిక డిగ్రీలకు మించని నీడలో వుంచవలెననీ, ఫలానా నెలలోగా వాడవలెననీ రాసేవుంది. చదివి చెప్పాను. నలభై వేలకు పైమాటే నష్టం. అమ్మినవాడు గడువు చూపించి వాపసు తీసుకోనన్నాడు. కుర్రవాడికి డబ్బు బాధ ఒకటైతే, అతని భార్యకు ఇంకో బాధ. షెడ్డుకూ, పిల్లలు పడుకునే గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. టీవీలో విశాఖపట్నం చూసినప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు.

"అన్నా, అది గూడ గట్లనే పేల్తదా?" అని ఫోనులో మా మిత్రుణ్ణి నేరుగా అడిగింది.

అతను ఓపికగా చెప్పాడు. "లేదమ్మా. అది రెండు వేల టన్నులు, ఇది రెండు వందల లీటర్లు. ఇంత చిన్న డ్రమ్ములో పుట్టిన వేడి రేకులోంచి బయటికి పోతుంది. గడ్డకట్టినంత మాత్రాన ఊరిమీద పడదు. కాని ఆ వాసన పిల్లలు రాత్రంతా పీల్చడం మంచిది కాదు. డ్రమ్ములు అక్కడినుంచి తీయించు. నిప్పు దగ్గరికి రానీయకు."

ఆ సాయంత్రమే డ్రమ్ములు వేపచెట్టు కిందికి జరిపారు. తరువాత కుర్రవాడు ఊరి బయట వేరే కొట్టు చూసుకొని, పైన తాటాకు కప్పించి, ఎండాకాలం డ్రమ్ములమీద తడి గోనెలు పరుస్తున్నాడు. వచ్చిన ప్రతి డ్రమ్ముకూ ఎదుటి గోడమీద బొగ్గుతో తేదీ వేస్తాడు. సరుకు చెప్పేటప్పుడు ధరకంటె ముందు తయారైన నెల అడుగుతాడు. అవతలివాడు విసుక్కుంటాడు. ఇతను మళ్ళీ అడుగుతాడు.